ఎమ్1 గరాండ్‌కు మార్పులు చేర్పులు: ఏ పని ముందు, ఏది తర్వాత

గరాండ్ (రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన రైఫిల్) చేతికి రాగానే చాలామంది మొదట వెతికేది స్కోప్ మౌంట్, లేదంటే కొత్త స్టాక్ (చెక్క భాగం). నిజానికి అవి తర్వాత చేయాల్సిన పనులు. ఆప్ రాడ్ (గ్యాస్ తోపుకు బోల్ట్‌ను వెనక్కి నడిపే కడ్డీ) ఎక్కడో రాసుకుంటుంటే, ఆ గ్యాస్ పట్టే సిలిండర్ వదులుగా ఊగుతుంటే, ఎంత ఖరీదైన స్కోప్ పెట్టినా గ్రూప్ (లక్ష్యం మీద గుండ్ల గుంపు) దగ్గరికి రాదు. అందుకే ఈ క్రమం: కొలతలు, కదలిక, గ్యాస్, చెక్క, ట్రిగ్గర్ పరీక్ష, గురి, ఆ తర్వాతే స్కోప్. మధ్యలో దేన్నీ దాటేయొద్దు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. మూడు భాగాలు ఒకేసారి మార్చితే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

1. బల్ల మీద పెట్టే ముందు

తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఆప్ రాడ్ హ్యాండిల్‌ను పూర్తిగా వెనక్కి లాగి పట్టుకోండి. లోపల క్లిప్ (తూటాలను కలిపి పట్టే లోహపు పట్టీ) ఉంటే, రిసీవర్ (బోల్ట్ కూర్చునే ప్రధాన లోహభాగం) ఎడమ పక్కన ఉన్న క్లిప్ లాచ్ నొక్కండి. క్లిప్ పైకి లేస్తుంది. ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే గదిలోకి) కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. రెండూ చేయాలి.

బోల్ట్ (ఛాంబర్‌ను వెనకనుంచి మూసే దిమ్మ) మూసేటప్పుడు కుడి అరచేతి అంచును ఆప్ రాడ్ హ్యాండిల్‌కు గట్టిగా అడ్డం పెట్టి, బొటనవేలితో ఫాలోవర్‌ను (తూటాలను పైకి నెట్టే పలకను) కిందికి నొక్కి, వేలు బయటికి తీశాకే హ్యాండిల్ వదలండి. అరచేయి జారితే బోల్ట్ గోరును నలిపేస్తుంది. గరాండ్ వాడేవాళ్లలో ఈ దెబ్బకు పేరే ఉంది, ఎమ్1 థంబ్ అని.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- గ్యాస్ ప్లగ్‌కు సరిపోయే వెడల్పాటి స్క్రూడ్రైవర్ లేదా కాంబినేషన్ టూల్
- ఇంచుల్లో 4 దశాంశాల దాకా చదివే మైక్రోమీటర్, పొడవాటి స్కేలు
- పిన్ పంచ్‌లు, చిన్న ఇత్తడి సుత్తి
- కంటి అద్దాలు (ఎజెక్టర్ స్ప్రింగ్ ఎగిరితే మళ్లీ దొరకదు, కంట్లో పడితే మరీ ప్రమాదం)
- గ్రీజు, మినరల్ స్పిరిట్స్, 0000 నంబరు స్టీల్ ఉన్ని
- ఫోన్ కెమెరా: విప్పే ప్రతి దశకూ ఒక ఫొటో

చట్టం గురించి ఒక్క మాట. అమెరికాలో ఫెడరల్ చట్టం ఒకటైతే రాష్ట్రాల నిబంధనలు వేరు. మీ రాష్ట్రంలో ఏది చెల్లుతుందో ముందే చూసుకోండి. బ్యారెల్‌ను 16 అంగుళాల లోపుకు కోస్తే అది ఫెడరల్ రిజిస్ట్రేషన్ కావలసిన ఆయుధం అవుతుంది. అసలు గరాండ్ బ్యారెల్‌ను కోయడమే దండగ పని, ఎందుకంటే గ్యాస్ రంధ్రం మూతికి (బ్యారెల్ ముందు కొనకు) అంగుళంన్నర దూరంలోనే ఉంటుంది. కోత పెడితే గ్యాస్ వ్యవస్థ మొత్తం మార్చాల్సి వస్తుంది.

రెండో మాట: స్టాక్ మీద ఆర్డ్‌నెన్స్ (సైనిక ఆయుధ శాఖ) ముద్రలు, ఇన్‌స్పెక్టర్ అక్షరాలు ఉన్న రైఫిల్ అయితే వెనక్కి తిప్పుకోగల మార్పులే చేయండి. తీసిన అసలు భాగాలన్నీ ఒక పెట్టెలో, పేరు రాసి దాచండి. రిసీవర్‌కు కొత్త రంధ్రం వేయొద్దు.

2. కొలతలు: ఇక్కడే సగం నిర్ణయాలు తేలిపోతాయి

కొనాల్సిన భాగాల జాబితా ఈ కొలతల్లోంచే రావాలి. ఊహించి కొనొద్దు.

- మూతి అరుగుదల: గేజ్ మూతిలో పెట్టి చదవాలి. అమెరికాలో పాత సైనిక రైఫిళ్లు అమ్మే పౌర మార్క్స్‌మన్‌షిప్ కార్యక్రమం, అంటే సీఎంపీ, సర్వీస్ గ్రేడ్‌కు పెట్టుకున్న హద్దు 3. దానికి మించితే బ్యారెల్ కాలం దగ్గరపడినట్టే.
- గొంతు (ఛాంబర్ ముందు బ్యారెల్ మొదలయ్యే చోటు) అరుగుదల: అదే గ్రేడ్‌కు 5 లోపు ఉండాలి.
- ఆప్ రాడ్ స్ప్రింగ్: కొత్తది 20 అంగుళాల చుట్టూ ఉంటుంది. 19కి దిగితే ఆలోచన లేకుండా మార్చండి. అన్నిటికన్నా చవకైన మరమ్మతు ఇదే.
- ఆప్ రాడ్ పిస్టన్: వ్యాసం 0.525 అంగుళాలకు తగ్గకూడదు.
- గ్యాస్ సిలిండర్ లోపలి వ్యాసం: 0.532 దాటకూడదు. పిస్టన్ సన్నబడి, సిలిండర్ వెడల్పయితే గ్యాస్ పక్కనుంచి జారిపోతుంది, రైఫిల్ బద్ధకంగా పనిచేస్తుంది.
- హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖం నుంచి ఛాంబర్‌లో తూటా ఆగే చోటుకు దూరం): ఖాళీ కేసును లాగే ఎక్స్‌ట్రాక్టర్, బయటికి నెట్టే ఎజెక్టర్ తీసేసిన ఖాళీ బోల్ట్‌తో, వేలి బలం మాత్రమే వాడి చూడాలి. 1.940 గో గేజ్ మీద మూసుకోవాలి, 1.950 ఫీల్డ్ గేజ్ మీద మూసుకోకూడదు. ఫీల్డ్ మీద మూసుకుంటే ఆ రైఫిల్‌ను కాల్చకండి, గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) దగ్గరికి పంపండి.

గేజ్‌లు కొనే స్తోమత లేకపోతే గన్‌స్మిత్‌తో ఒకసారి కొలిపించుకోండి. మూతి పక్క నుంచి శుభ్రం చేయక తప్పని రైఫిల్ ఇది, కాబట్టి ఇనుప రాడ్ రాసుకుని మూతి అరగడం మామూలే. మూతికి ఇత్తడి లేదా ప్లాస్టిక్ గైడ్ పెట్టకుండా రాడ్ దూర్చొద్దు. ద్రావకం గ్యాస్ రంధ్రంలోకి కారకుండా రైఫిల్‌ను తలకిందులుగా పట్టుకుని తుడవండి.

3. విప్పడం, వాలు పరీక్ష

ట్రిగ్గర్ గార్డ్ వెనక కొనను పట్టి కిందికి లాగి ముందుకు తిప్పితే ట్రిగ్గర్ గ్రూప్ మొత్తం బయటికి వస్తుంది. తర్వాత స్టాక్ విడిపోతుంది. ఇక మిగిలిన బ్యారెల్, రిసీవర్ సమూహాన్ని బోర్లా పెట్టి ఈ వరుసలో విప్పండి:

1. ఫాలోవర్ రాడ్‌ను మూతి వైపు నెట్టి, ఫాలోవర్ ఆర్మ్ నుంచి విడదీయండి. స్ప్రింగ్ బలంగా ఉంటుంది, చేత్తో పట్టుకునే తీయండి.
2. ఫాలోవర్ ఆర్మ్ పిన్ లాగండి.
3. బుల్లెట్ గైడ్, ఫాలోవర్ ఆర్మ్, ఆప్ రాడ్ క్యాచ్ మూడింటినీ కలిపి ఎత్తండి, తర్వాత ఫాలోవర్ తీయండి.
4. ఆప్ రాడ్‌ను వెనక్కి జరిపి, విడదీసే గాడి దగ్గర పైకి ఎత్తండి.
5. బోల్ట్‌ను ముందుకు, కుడికి తిప్పి తీయండి.

ఆప్ రాడ్ చేతిలోకి వచ్చాక ఒక జాగ్రత్త. అది నిటారుగా ఉండదు. తయారీలోనే కావాలని వంపులు పెట్టారు. "వంగిపోయింది" అనుకుని వైస్‌లో బిగించి సరిచేసిన రాడ్‌లు పనికిరాకుండా పోతాయి.

ఇప్పుడు వాలు పరీక్ష. స్ప్రింగ్, ఫాలోవర్ భాగాలు లేకుండా బోల్ట్, ఆప్ రాడ్ మాత్రం అమర్చండి. మూతిని 60 డిగ్రీల దాకా పైకెత్తితే బోల్ట్ తన బరువుకే వెనక్కి జారాలి. మూతి దించితే తనే మూసుకోవాలి. చేయి వేయకూడదు, కుదపకూడదు.

దీన్ని ఒక్కసారి చేసి వదిలేయొద్దు, దశలవారీగా చేయండి. మొదట గ్యాస్ సిలిండర్ లేకుండా. తర్వాత సిలిండర్ బిగించి. ఆపైన ముందు హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ మీది చెక్క కప్పు) ఎక్కించి. చివరికి స్టాక్‌లో కూర్చోబెట్టి. ఏ దశలో కదలిక ఆగిందో ఆ భాగమే దోషి. ఉదాహరణకు, మూడు దశలు సాఫీగా పోయి స్టాక్‌లో పెట్టగానే పట్టేసిందంటే రాడ్ చెక్కకు రాసుకుంటోంది. చెక్క మీద నల్లగా మెరిసే గీత కనిపిస్తుంది. ఆ గీత పడినచోట మాత్రమే సన్నటి ఇసుక కాగితంతో కాస్త తీయాలి. రాడ్‌ను అరగదీయకూడదు.

4. గ్యాస్ వ్యవస్థ

సిలిండర్ బ్యారెల్ మీది మూడు స్ప్లైన్ల (పొడవాటి గాళ్ల) మీద ఎక్కుతుంది. ముందు గురి దానికే బిగించి ఉంటుంది కాబట్టి, సిలిండర్ ఊగితే గురి కూడా ఊగినట్టే. రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు తిప్పి చూడండి. కదలిక తెలిస్తే స్ప్లైన్ల అంచులను పంచ్‌తో అతి కొద్దిగా తట్టి బిగువు తెప్పించడం పాత పద్ధతి. ఒక్కో తట్టుకూ ఒకసారి అమర్చి చూడండి. ఎక్కువ తడితే సిలిండర్ ఎక్కదు.

సిలిండర్ లాక్‌ను చేత్తో చివరిదాకా తిప్పాక అది సరిగ్గా 6 గంటల స్థానంలో ఉండాలి. అక్కడ ఆగకుండా దాటిపోతే వెనక్కి 6 దగ్గరికి తెచ్చి, మిగిలిన ఖాళీని షిమ్‌తో (సన్నటి రేకుతో) పూడ్చండి, లేదా వేరే లాక్ ప్రయత్నించండి. బలవంతంగా బిగించడం వల్ల ఏమీ రాదు.

ఇక సర్దుబాటు గ్యాస్ ప్లగ్. గరాండ్‌కు చేయదగిన మార్పుల్లో అన్నిటికన్నా ఉపయోగపడేది ఇదే. గరాండ్‌లో సైన్యం వాడిన ఎమ్2 బాల్ తూటాలో గుండు 150 గ్రెయిన్ల దగ్గర ఉంటుంది. బయట దొరికే బరువు గుండ్ల 30-06 (గరాండ్‌కు సరిపోయే రకం) తూటాల్లో నెమ్మదిగా మండే మందు వాడతారు. ఛాంబర్‌లో ఒత్తిడి హద్దులోనే ఉన్నా, గుండు మూతి దగ్గరున్న గ్యాస్ రంధ్రాన్ని దాటే వేళకు అక్కడ ఒత్తిడి మామూలుకన్నా ఎక్కువగా ఉంటుంది. ఆ దెబ్బ మొత్తం ఆప్ రాడ్ మీద పడుతుంది, రాడ్ వంగుతుంది. సర్దుబాటు ప్లగ్ ఆ మిగులు గ్యాస్‌ను బయటికి వదిలేస్తుంది.

దాన్ని ట్యూన్ చేసే విధానం:

1. ఒకే తూటా పట్టే ప్రత్యేక క్లిప్ తీసుకోండి. తూటాను చేత్తో ఛాంబర్‌లో పెట్టి బోల్ట్ వదలొద్దు. గరాండ్ ఫైరింగ్ పిన్‌కు స్ప్రింగ్ లేదు. క్లిప్ నుంచి తూటా తీసే అడ్డు లేకుండా బోల్ట్ వేగంగా మూసుకుంటే పిన్ జడత్వంతో ప్రైమర్‌ను (తూటా అడుగున మందును అంటించే బిళ్లను) తాకవచ్చు.
2. ప్లగ్ పూర్తిగా తెరవండి. ఒకటి కాల్చండి. రైఫిల్ తనంతట తెరుచుకోదు, అది సరే.
3. అర చుట్టు చొప్పున మూస్తూ, ప్రతిసారీ ఒకటే కాల్చండి.
4. ఖాళీ కేసు బయటపడి, బోల్ట్ వెనక ఆగిపోయిన స్థానం దగ్గర నిలపండి.
5. మరో అర చుట్టు మూయండి. మురికి పట్టినప్పుడు, చలిలో ఈ మిగులు అక్కరకొస్తుంది.
6. రెండు తూటాల క్లిప్, తర్వాత ఎనిమిది తూటాల క్లిప్‌తో పరీక్షించండి.
7. లాక్ స్క్రూ బిగించి, స్థానాన్ని రాసి పెట్టుకోండి. తూటా రకం మారితే మొత్తం మళ్లీ మొదటి నుంచి.

సిలిండర్ లోపల, పిస్టన్ మీద నూనె రాయకండి. కాలి గట్టి మసిగా మారి పట్టేస్తుంది. 1950ల తొలి ఏళ్లకు ముందు తయారైన పాత సైనిక తూటాల్లో చాలావాటి ప్రైమర్ తుప్పు పట్టించేది. అలాంటివి కాల్చితే అదే రోజు వేడి నీటితో కడిగి, ఆరబెట్టి, బ్యారెల్‌కు నూనె పట్టించాలి. పెట్రోలియం ద్రావకంతో ఆ ఉప్పు కరగదు.

5. చెక్క పని

పాత స్టాక్‌ను బాగుచేయాలా, కొత్తది తేవాలా? పాతదాంట్లో పగులు లేకపోతే, ట్రిగ్గర్ గార్డ్ బిగువుగా మూసుకుంటే పాతదే ఉంచండి.

బిగువు చూసేది ఇలా: గార్డ్ మూస్తున్నప్పుడు ఇంకా అంగుళంలో మూడో వంతుకు పైగా దూరం ఉండగానే ప్రతిఘటన మొదలై, అరచేతి బలంతో నొక్కితే లాక్ పడాలి. అడ్డు లేకుండా టక్కున మూసుకుంటే స్టాక్ వదులు. ఎంత నొక్కినా పడకపోతే బిగువు ఎక్కువైంది. సుత్తి ఎత్తొద్దు. రిసీవర్ కింది అంచులకు లిప్‌స్టిక్ పూసి, కూర్చోబెట్టి, తీసి చూడండి. చెక్కకు రంగు అంటిన ఎత్తులను మాత్రమే గీకండి. కొత్తగా కొన్న వాల్‌నట్ స్టాక్‌లకు ఈ పని తప్పదు.

ముందు ఫెరూల్ (స్టాక్ ముందు కొన లోహపు తొడుగు) కిందిబ్యాండ్‌కు (బ్యారెల్ మీది లోహపు పట్టీకి) ఒత్తుకోకూడదు. సన్నటి కాగితం రెంటి మధ్య దూరాలి. ముందు హ్యాండ్‌గార్డ్ కూడా కాస్త ఆడాలి. బ్యారెల్ వేడెక్కి సాగితే ఈ ఖాళీలే ఆదుకుంటాయి. లేకపోతే పదిహేను గుండ్ల తర్వాత గ్రూప్ పైకి పాకడం మొదలవుతుంది.

శుభ్రం చేసి నూనె పట్టించడానికి:

1. మినరల్ స్పిరిట్స్‌లో ముంచిన గుడ్డతో పాత మురికి తుడవండి. ఓవెన్ క్లీనర్ వాడొద్దు, దాని క్షారం చెక్కను నల్లబరుస్తుంది.
2. నొక్కులున్నచోట తడిగుడ్డ వేసి, వేడి ఇస్త్రీపెట్టె కొన ఆనించండి. ఆవిరికి పీచు ఉబ్బి పైకి లేస్తుంది. ముద్రల మీద మాత్రం ఈ పని చేయొద్దు, అక్షరాలే చెరిగిపోతాయి.
3. ఇసుక కాగితం వద్దు. ఆరాక స్టీల్ ఉన్నితో తేలిగ్గా రుద్దండి చాలు.
4. టంగ్ నూనె పల్చగా పూయండి. 15–20 నిమిషాలకు పైన తేలిన నూనె అంతా తుడిచేయండి. పొడిగా అనిపించేదాకా తుడవాలి.
5. 24 గంటలు ఆగండి. ఇలా 4 నుంచి 6 పూతలు.

ఎక్కువమంది చేసే తప్పు నాలుగో మెట్టులోనే. నూనె దట్టంగా పూసి వదిలేస్తే జిగటగా ఉండిపోతుంది, వారానికీ ఆరదు. అలా జరిగితే స్పిరిట్స్‌తో తుడిచి, మళ్లీ పల్చగా మొదలెట్టండి.

ఉడికించిన అవిసె నూనె వాడితే ఆ గుడ్డలను ముద్దచేసి మూలన పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికే అవి అంటుకుంటాయి. ఆరుబయట ఒక్కొక్కటీ పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచండి.

రైఫిల్‌ను నెలల తరబడి దాచేటప్పుడు ట్రిగ్గర్ గార్డ్ లాక్ వదులు చేసి ఉంచితే చెక్క అణగదు.

6. ట్రిగ్గర్: చేయి పెట్టకూడని చోటు

హ్యామర్ కొక్కేలు, దాన్ని పట్టి ఆపే సియర్ అంచులు ఇంట్లో రాయి పెట్టి నూరే భాగాలు కావు. ఒక కోణం తప్పితే రెండు తూటాలు వరుసగా పేలతాయి, లేదా సేఫ్టీ పట్టదు. ట్రిగ్గర్ సాఫీగా కావాలంటే గన్‌స్మిత్‌కు ఇవ్వండి. సీఎంపీ పోటీల్లో గరాండ్ ట్రిగ్గర్ కనీసం 4.5 పౌండ్ల బరువు మోయాలి. అంతకన్నా తేలిక చేయించినా అక్కడ పనికిరాదు.

మీరు చేయాల్సింది పరీక్ష. ఖాళీ రైఫిల్‌తో:

- సేఫ్టీని వెనక్కి, గార్డ్ లోపలికి లాగి ట్రిగ్గర్ నొక్కండి. హ్యామర్ పడకూడదు.
- సేఫ్టీ ముందుకు నెట్టి నొక్కండి. పడాలి.
- ట్రిగ్గర్ నొక్కే ఉంచి ఆప్ రాడ్ పూర్తిగా లాగి, ఫాలోవర్ నొక్కి, చేత్తో ఆపుకుంటూ ముందుకు పోనివ్వండి. హ్యామర్ పడకూడదు. ఇప్పుడు ట్రిగ్గర్ నెమ్మదిగా వదలండి, చిన్న క్లిక్ వినిపించాలి.
- మళ్లీ నొక్కితే పడాలి.

ఏ ఒక్కటి తేడా వచ్చినా కాల్చడం ఆపేయండి.

7. గురి, జీరో

వెనక గురిని పది క్లిక్కులు పైకెత్తి, రంధ్రం మీద బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కండి. దిగిపోతే విండేజ్ నాబ్ నట్ వదులైందని అర్థం. కొద్దిగా బిగించి మళ్లీ చూడండి. ప్రతి తూటాకూ ఒక క్లిక్కు దిగిపోయే గురితో జీరో చేయాలని (గురి పెట్టినచోటే గుండు పడేలా సరిచేయాలని) చూసి రోజులు పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

ఎత్తుకూ పక్కకూ ఒక్కో క్లిక్కు దాదాపు 1 ఆర్క్ నిమిషం, అంటే 100 గజాలకు అంగుళం. 

1. వెనక గురిని అడ్డంగా సరిగ్గా మధ్యలో పెట్టండి.
2. 100 గజాల దగ్గర, ఆనుకుని, 5 గుండ్ల గ్రూప్ కాల్చండి.
3. పక్క తేడాను ముందు గురితో సరిదిద్దండి. దెబ్బ కుడికి పోవాలంటే ముందు గురిని ఎడమకు జరపాలి. రెండు గురుల మధ్య 27.9 అంగుళాలు కాబట్టి, 100 గజాలకు ఒక అంగుళం మారాలంటే ముందు గురి జరగాల్సింది 0.2 మిల్లీమీటర్లే. పాత, కొత్త స్థానాలకు పెన్సిల్ గీత పెట్టుకోండి.
4. ఎత్తు క్లిక్కులతో సరిచేయండి.
5. 200 గజాల దగ్గర కూడా ఇలాగే జీరో కుదిరాక ఎత్తు నాబ్ మధ్య స్క్రూ వదులు చేసి, డ్రమ్‌ను 200 గజాల గుర్తు దగ్గరికి తిప్పి బిగించండి. క్లిక్కులు కదలకూడదు.

8. స్కోప్ పెట్టాలంటే

ఖాళీ క్లిప్ నేరుగా పైకి ఎగురుతుంది. అందుకే రిసీవర్ నడినెత్తిన స్కోప్ పెట్టలేం. సైన్యం కూడా ఎమ్1సీ, ఎమ్1డీ రకాల్లో స్కోప్‌ను ఎడమకు జరిపి, చెంపకు తోలు మెత్త కట్టింది.

రైఫిల్‌కు హాని లేని దారి ఏమిటంటే, వెనక హ్యాండ్‌గార్డ్ తీసేసి ఆ చోట బ్యారెల్‌కు బిగించే రైలు (స్కోప్‌ను పట్టే లోహపు పట్టా), దాని మీద కంటికి దూరంగా ఉండే స్కౌట్ స్కోప్. స్కోప్ కొనేటప్పుడు కంటి దూరం 9–10 అంగుళాలు ఉందో లేదో చూడండి. మామూలు వేట స్కోప్ ఇక్కడ నల్లటి వలయంలా కనిపిస్తుందంతే.

రైలు బిగించాక వాలు పరీక్ష తప్పక మళ్లీ చేయండి, రైలు స్క్రూ కొన ఆప్ రాడ్‌కు తగలడం తరచూ జరిగేదే. అసలు హ్యాండ్‌గార్డ్‌ను పగలకుండా తీయడానికి దాని స్ప్రింగ్ క్లిప్‌ను పట్టకారుతో విప్పాలి, చెక్కను లాగకూడదు.

9. గ్రీజు ఎక్కడ

గరాండ్ నూనెతో కాదు, గ్రీజుతో నడిచే రైఫిల్. వీటికి పల్చటి పూత చాలు:

- బోల్ట్ లగ్గులు (పక్కలకు పొడుచుకొచ్చిన ముక్కలు), అవి కూర్చునే గాళ్లు
- ఆప్ రాడ్ లోపలి క్యామ్ గాడి, ముఖ్యంగా బోల్ట్ లగ్గు తిరిగే చోటు
- రిసీవర్ పక్క ఆప్ రాడ్ జారే గాడి
- బోల్ట్ అడుగు, హ్యామర్ ముఖం
- బ్యారెల్ అడుగున ఆప్ రాడ్ తాకే చోటు

10. తేడా వస్తే

*కేసు బయటికి రాకుండా బోల్ట్‌లో ఇరుక్కుంటోంది:* గ్యాస్ తక్కువ. ప్లగ్ వదులుగా ఉందా, సర్దుబాటు మరీ తెరిచి ఉందా చూడండి. తర్వాత పిస్టన్ కొలత.

*ఏడో తూటా పైకి లేచి అడ్డం పడుతోంది:* ముందు ఆప్ రాడ్ స్ప్రింగ్ మార్చండి, తర్వాత క్లిప్ మార్చి చూడండి. పెదవులు వదులైన క్లిప్ ఒకటి మంచి రైఫిల్‌కు చెడ్డపేరు తెస్తుంది.

*తూటాలు మిగిలుండగానే క్లిప్ ఎగిరిపోతోంది:* క్లిప్ లాచ్ స్ప్రింగ్ బలహీనపడింది, లేదా ఆప్ రాడ్ క్యాచ్, ఫాలోవర్ ఆర్మ్‌ల సమయం తప్పింది. స్ప్రింగ్ మీరే మార్చవచ్చు. సమయం సరిచేయడం గన్‌స్మిత్ పని.

*గ్రూప్ నిలువుగా సాగుతోంది:* ముందు హ్యాండ్‌గార్డ్, ఫెరూల్ ఖాళీలు, తర్వాత గ్యాస్ సిలిండర్ వదులు, ఆ తర్వాత వెనక గురి నట్. ఈ వరుసలోనే చూడండి. మూడూ బాగుంటే తూటా పెట్టె మార్చి చూడండి.

*ట్రిగ్గర్ గార్డ్ కాల్పుల మధ్యలో తెరుచుకుంటోంది:* స్టాక్ వదులైంది. రిసీవర్ కూర్చునే చోట సన్నటి షిమ్ పెట్టి, అయిదో విభాగంలోని బిగువు పరీక్ష మళ్లీ చేయండి.